కండక్టరు గారి ‘వద్దు’

మా ఆయనకి పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ‘వద్దు’ అనడం చేతకాదు. సిటీ బస్సులో కండక్టరు. బస్సు మెట్ల దాకా కిక్కిరిసిపోయి, లోపలివాళ్ళు ఊపిరాడక గోల పెడుతున్నా సరే, కింద ఇంకో నలుగురు కనిపిస్తే “ఎక్కండి, ఎక్కండి, లోపల బోలెడు చోటుంది” అనే రకం. ఆ బోలెడు చోటు ఆయన కంటికి తప్ప ఇంకెవరికీ కనపడేది కాదు. ఇంట్లోనూ అదే వరస. పక్కింటివాళ్ళు నిచ్చెన అడిగితే, నిచ్చెనతో పాటు తానూ వెళ్ళి సాయంత్రం దాకా వాళ్ళ గోడకి సున్నం వేసి వచ్చేవారు. మా అమ్మాయి చిన్నప్పుడు కుక్కపిల్ల కావాలని మారాం చేస్తే “దానికేం తల్లీ, మీ అమ్మనడుగు” అని తప్పుకునేవారు. మా ఇంట్లో ‘వద్దు’ శాఖకి నేనే మంత్రిని. ఆయన దేవుడు, నేను గయ్యాళిని. వీధి వీధంతా ఆ మాటే అనేది, నేనూ కాదనలేదు. ఎవరో ఒకరు ఆ పని చెయ్యకపోతే ఇల్లు ధర్మసత్రమైపోదూ!

ఆయన గొంతు మాత్రం గొంతే. చివరి ప్రయాణికుడు మెట్టు మీద కాలు పెట్టగానే బస్సు రేకు మీద అరచేత్తో రెండు దెబ్బలు కొట్టి “రైట్ రైట్!” అంటే ఆ కేక ముందు డ్రైవరుకే కాదు, ఎదురు వీధిలో కుట్టుమిషను ముందు కూర్చున్న నాకూ వినపడేది. ఇంటి ముందు గదిలోనే పాత బట్టలకి మరమ్మతులు చేసే చిన్న కొట్టు నాది. బస్సు మా మలుపు దాటేటప్పుడు ఆ కేక విని, ఆయన ఇవాళ అన్నం సరిగ్గా తిన్నారో లేదో చెప్పేసేదాన్ని.

స్ట్రోక్ వచ్చింది కూడా బస్సులోనే. ఆఖరి స్టాపులో జనం దిగారు, ఎక్కాల్సినవాళ్ళు ఎక్కారు. డ్రైవరు ఇంజను ఆపకుండా ‘రైట్ రైట్’ కోసం కూర్చున్నాడట. ఎంతసేపటికీ రాలేదు.

“అద్దంలో చూశానొదినా,” అని చెప్పాడు తరవాత ఆసుపత్రి వరండాలో నిలబడి. “వెనక మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. సంచీ ఒళ్ళో పెట్టుకుని ఎవరి కోసమో చూస్తున్నట్టుంది. అన్నా అని పిలిస్తే నావైపు తిరిగి నవ్వాడు. సగం మొహమే నవ్విందొదినా.” పెద్ద మనిషి, నా ముందు చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. నాకు ఏడుపు రాలేదు. భయం ముందొచ్చి కూర్చుంటే ఏడుపుకి చోటేదీ?

కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. కాలు నెమ్మదిగా వస్తుందన్నారు. మాట పోయింది. పూర్తిగా పోయినా బాగుండేది, సైగలు నేర్చుకుని బతికేవాళ్ళం. ఒక్క మాట మిగిలింది. “రైట్ రైట్.” నీళ్ళు కావాలా అంటే రైట్ రైట్. నొప్పిగా ఉందా అంటే రైట్ రైట్. తల కూడా ఆ మాటతో పాటే కిందికీ పైకీ ఊగేది. ఎడం చేతికి పెన్ను ఇస్తే సున్నాలు చుట్టేవారు. ఔను, కాదు అని బొమ్మలు గీసిన అట్టముక్కలు చూపిస్తే రెండింటి మీదా మర్యాదగా వేలు పెట్టేవారు. “ఆయనకి అన్నీ అర్థమవుతున్నాయమ్మా, జవాబు బయటికొచ్చే దారే మూసుకుపోయింది” అంది నర్సు.

అప్పుడు బయటపడింది మెడ సంగతి. మెదడుకి రక్తం తీసుకెళ్ళే నాళం మెడ దగ్గర చాలావరకు పూడుకుపోయిందట. దాన్ని కోసి శుభ్రం చెయ్యకపోతే మళ్ళీ స్ట్రోక్ రావచ్చట. ఆ ‘మళ్ళీ’ అన్న మాట విన్నప్పటి నుంచి నాకు కంటి మీద కునుకు లేదు. ఆయన నిద్రలో మూతి కొంచెం పక్కకి జరిగితే చాలు, వెంటనే తట్టి లేపి “ఏదీ, ఒకసారి నవ్వండి” అనేదాన్ని. నవ్వు రెండో వైపు కూడా వంకర పోలేదని చూసుకుంటే గాని ఊపిరి వచ్చేది కాదు. పాపం, మనిషిని నవ్వించి నవ్వించి చంపాను.

ఆపరేషన్ గురించి చెప్పడానికి మొదట చిన్న డాక్టరు వచ్చాడు. మంచం పక్కన కూర్చుని ఓపిగ్గా అంతా వివరించాడు. చివర్లో “మరి చేసేద్దామా?” అన్నాడు. “రైట్ రైట్!” అన్నారు మా ఆయన. చిన్న డాక్టరు సంబరంగా తలాడించాడు, నేనూ అమ్మాయీ ఒకళ్ళ చేతులొకళ్ళం పట్టుకున్నాం. అమ్మయ్య అనుకున్నాను.

పెద్ద డాక్టరు వచ్చి ఆ అమ్మయ్యని నిలువునా చీల్చేశారు. ఆయన మంచం కాళ్ళ దగ్గర నిలబడి “ఇవాళే ఇంటికి వెళ్ళిపోతారా?” అన్నారు. రైట్ రైట్. “ఇక్కడే ఉండిపోతారా?” రైట్ రైట్. “మీకు రెండు తలకాయలున్నాయా?” రైట్ రైట్. ఎవరూ నవ్వలేదు.

“ఈయన చెప్పే ‘సరే’ నాకు పనికిరాదమ్మా,” అన్నారు పెద్ద డాక్టరు నావైపు తిరిగి. “వద్దనడం వచ్చినవాళ్ళు సరే అంటేనే అది సరే.”

“నేను సంతకం పెడతాను కదండీ. భార్యని.”

“పెట్టించుకోవచ్చు, రూలు ఒప్పుకుంటుంది. కానీ మనిషికి అన్నీ తెలుస్తున్నాయి, కత్తి పడేది ఆయన మెడ మీద. చేస్తే బల్ల మీదే స్ట్రోక్ రావచ్చు. చెయ్యకపోతే ఎప్పుడో రావచ్చు, రాకనూ పోవచ్చు. చెయ్యడమే మేలని నేననుకుంటున్నా, అడగకుండా చెయ్యడానికి నాకు మనసొప్పదు. సోమవారం దాకా ఆగుదాం. అంతకంటే ఆగితే చేసినా లాభం తక్కువ. ఈలోపు ఆయన నోట ఒక ‘వద్దు’ తెప్పించడానికి మనిషిని పంపిస్తాను. రాకపోతే అప్పుడు మీరే పెడుదురు గాని సంతకం.”

నాకు ఒళ్ళు మండిపోయింది. వద్దనని మనిషికి వద్దనడం నేర్పి, ఆ తరవాత సరే అనిపించాలట! ఏం న్యాయం ఇది? కానీ వీధిలో తగువేసుకునే ధైర్యం వార్డులో పెద్ద డాక్టరు ముందు ఉండదు.

ఆ వచ్చిన మనిషి ఒక పిల్ల. మా అమ్మాయి కంటే చిన్నదేమో. భుజాన గుడ్డసంచీ, నడిస్తే సంచీలోంచి గలగలమని చప్పుడు. లోపల గిలక్కాయలు, చేతిలో ఇమిడే చిన్న డప్పు, ఇంకా ఏవేవో. మెదడు జబ్బులవాళ్ళకి సంగీతంతో వైద్యం చేస్తుందట. వార్డులో అందరూ గిలక్కాయల డాక్టరమ్మ అనేవాళ్ళు, పొడుగైపోయిందని గిలక్కాయ అని కత్తిరించేశారు.

“మనిషి చావుబతుకుల్లో ఉంటే ఈ గిలక్కాయలేంటమ్మా?” అన్నాను ఉండబట్టలేక.

“అందరూ అదే అంటారమ్మా, పర్లేదు,” అని నవ్వింది. “తలలో మాటల గది ఒకటి, పాటల గది ఒకటి అనుకోండి. మాటల గది తలుపు బిగుసుకుపోయింది. పాటల గదిలోంచి దొడ్డిదారిన ఆ ఒక్క మాటనీ బయటికి లాక్కొద్దాం. కొందరికి వస్తుంది, కొందరికి రాదు. ముందే చెబుతున్నా. ఇంతకీ ఏం పాటలు పాడేవారు?”

“పాటా! ఆయనా!”

“స్నానాల గదిలో కూడా పాడరా?”

“స్నానాల గదిలో కూడా స్టాపుల పేర్లే చెప్పుకుంటారు.”

ఆ పిల్ల పడీపడీ నవ్వింది. తరవాత ముఖం సీరియస్‌గా పెట్టి “మన దగ్గర కాదు, లేదు, వద్దు మూడున్నాయి కదా. మూడూ ఒకేసారి ఎక్కవు. డాక్టరు గారు అడిగేదాన్ని కాదనాలంటే ‘వద్దు’ అనే అనాలి కాబట్టి అదే పట్టుకుందాం. ఇప్పుడు చెప్పండి, బాగున్న రోజుల్లో ఆయన వద్దని ఎలా అనేవారు? సాగదీసి అనేవారా, కసిరేవారా? ఆయన గొంతులో ఉన్న రాగమే కావాలి నాకు, నా రాగం అతకదు” అంది.

పెళ్ళినాటి నుంచీ జ్ఞాపకాలన్నీ వెతుక్కున్నాను. పండక్కీ పబ్బానికీ, కొట్లాటకీ కోపానికీ ఎప్పుడైనా ఆయన నోట ఆ మాట విన్నానా? మంచం మీద మా ఆయన నన్నే చూస్తున్నారు, ‘చెప్పు, నేనూ వింటా’ అన్నట్టు.

“ఎప్పుడూ అనలేదమ్మా,” అన్నాను. “ఆ పని నాది.”

మర్నాటి నుంచి మొదలుపెట్టింది. ముందు తను “వద్దు”ని పాటలా సన్నగా కూనిరాగం తీసేది. ఆయన ఎడం చెయ్యి తన చేతిలోకి తీసుకుని మంచం ఇనుప ఊచ మీద తాళం వేయించేది. ‘వద్’కి ఒక దెబ్బ, ‘దు’కి ఒక దెబ్బ. ఎడం చెయ్యి ఆడితే మెదడులో ఆరోగ్యంగా ఉన్న సగం మేలుకుంటుందట. ఆయన కూనిరాగం చక్కగా అందుకున్నారు. నేను నోరెళ్ళబెట్టాను. మా ఆయనకి శ్రుతి ఉందని నాకు ఆ రోజు దాకా తెలియదు. కానీ మాట దగ్గరికి వచ్చేసరికి, టక్ టక్ అని రెండు దెబ్బలు పడగానే, ఠంచనుగా “రైట్ రైట్!”

రాగం మార్చింది, రైట్ రైట్. నెమ్మదిగా కొట్టించింది, రైట్... రైట్. గిలక్కాయ ఇచ్చింది, డప్పు ఇచ్చింది. ఏమిచ్చినా అంతే. ఆయనకీ తెలుస్తోంది తప్పు వస్తోందని. మాట అయిపోగానే కళ్ళు గట్టిగా మూసుకుని తల దిండుకేసి నొక్కుకునేవారు. ఒకరోజు కంట్లోంచి నీళ్ళు చెవిలోకి కారాయి. నేను తుడిచి “వస్తుంది లెండి, తొందరేముంది” అన్నాను. తొందర కాక ఏముంది! సోమవారం మీద పడుతోంది.

నాలో ఇంకో మనిషి ఉంది, ఆవిడ గురించి కూడా చెప్పాలి. మాట రాకపోతే సంతకం నాది. ఆపరేషన్ జరిగిపోతుంది. నాకు కావాల్సింది అదే. మరి ఎందుకీ ప్రయాస, రాకపోతేనే మంచిది కదా అని ఆ లోపలి మనిషి గొణిగేది. నేను దాన్ని నోర్ముయ్యమనేదాన్ని. ఆయనకి వద్దు రావాలి, వచ్చాక ఆయనే నోరారా సరే అనాలి. ఆయన ఎలాగూ ఎవరినీ కాదనరు. డాక్టరుని మాత్రం ఎందుకు కాదంటారు? నా ధీమా అదీ.

చివరికి ఆ మాటల గది తలుపు తీసింది మనుషులెవరూ కాదు, భోజనాల బండి. గిలక్కాయ ఆయన పక్కన కూర్చుని ఉంది, నేను కిటికీ దగ్గర ఉన్నాను. బండి తోసుకొచ్చే ఆవిడ మలుపు తిప్పబోయి మంచం ఊచకి ధనామని కొట్టేసింది. ఒకే ఒక్క దెబ్బ.

“హో...ల్డాన్!” అన్నారు మా ఆయన.

వార్డంతా ఇటు తిరిగింది. బండి ఆవిడ నిజంగానే ఆగిపోయింది.

“ఏమన్నారు? అదేంటి?” అని గిలక్కాయ నన్ను కుదిపేసింది.

“బస్సు ఆపమనడమమ్మా. ఎవరైనా దిగాలంటే, ఎవరైనా పడబోతుంటే, రేకు మీద ఒక్కటి కొట్టి అలా అరుస్తారు.”

“ఒక్కటా? మరి రైట్ రైట్‌కి?”

“రెండు.”

ఆ పిల్ల రెండు చేతులతో తల పట్టుకుంది. “అయ్యో నా తెలివి తెల్లారా! ఇన్నాళ్ళూ రెండు కొట్టించి వద్దనమంటున్నా! ఆయన చేతికి రెండు దెబ్బలంటే పోనివ్వమని కదా!” అని మంచం మీదికి వంగి “కండక్టరు గారూ, నన్ను క్షమించండి. నేనే బస్సు పోనిచ్చాను” అంది. ఆయన నవ్వారు. సగం మొహమే, అయినా గట్టి నవ్వు.

అక్కడి నుంచి పని దారిలో పడింది. ఒక్క దెబ్బ. హోల్డాన్ రాగం, పైన సాగి కింద వాలేది. ముందు ఆ కేకే వేయించింది. తరవాత అదే రాగంలో మాట మార్చింది. తను ‘వ’ అని సాగదీసి ఆగేది, ఆయన “ద్దూ” అని పూర్తి చేసేవారు. తరవాత తను పెదవులు మాత్రం కదిపేది. ఆ తరవాత ఊరికే చూస్తూ కూర్చునేది. శుక్రవారం మధ్యాహ్నం, ఆయన ఎడం చెయ్యి తనంతట తానే లేచి ఊచ మీద ఒక్కటి కొట్టింది. “వ...ద్దూ.” ఉప్పులేని సూపు గిన్నె ఎదురుగా ఉంది. మొట్టమొదటి వద్దు దానికి పడింది.

నమ్మడానికి లేదు, పరీక్ష పెట్టాలి అంది గిలక్కాయ. “దుప్పటి కప్పమంటారా?” రైట్ రైట్. “ఇంజెక్షన్ ఇంకోటి పొడిపించమంటారా?” వద్దూ. “మీ ఆవిడని పిలవమంటారా?” రైట్ రైట్. “పక్క మంచం తాతగారి పళ్ళసెట్టు పెట్టుకుంటారా?” ఊచ మీద దెబ్బ ఎంత గట్టిగా పడిందంటే పక్క మంచం తాత చటుక్కున నోరు మూసుకున్నాడు. “వద్దూ!” వార్డు వార్డంతా నవ్వింది. నేను నవ్వుతూ ఏడ్చాను. ఎన్నాళ్ళకో కడుపు నిండా అన్నం తిన్నాను ఆ రోజు.

ఆదివారం గిలక్కాయకి సెలవు. సోమవారం పొద్దున తను పిల్లల ఆసుపత్రికి వెళ్ళి మధ్యాహ్నం గాని ఇటు రాదు. “మీకు పని తెలిసిపోయింది కదమ్మా, అలసిపోనివ్వకండి. అలిసిపోతే పాత మాటే వస్తుంది” అని చెప్పి వెళ్ళింది.

ఆదివారం మధ్యాహ్నం వార్డు నిద్రపోతోంది. ఆయన మెలకువగా ఉన్నారు. ఊరికే అడిగాను. ఆయన నోట సరే వినాలనిపించింది, అంతే.

“ఏమండీ, రేపు డాక్టరు గారు వచ్చి ఆపరేషన్ సంగతి అడుగుతారు. చేయించుకుందాం కదూ?”

ఆయన కిటికీ వైపు చూశారు. తరవాత నా వైపు చూశారు. ఎడం చెయ్యి లేచింది. ఒక్కటే దెబ్బ.

“వద్దూ.”

“సూపు కాదండీ నేనడిగింది! మెడ ఆపరేషన్. చేయించుకుంటే మళ్ళీ రాదు. చేయించుకోవాలి కదా?”

దెబ్బ. “వద్దూ.”

“నోరు మూసుకోండి!” అన్నాను.

ఆ నోరు తెరిపించడానికి అన్ని రోజులు కిందామీదా పడ్డదాన్ని, నేనే మూసుకోమన్నాను. ఆయన మూసుకున్నారు కూడా. జీవితంలో మొదటిసారి నన్ను కాదన్నారు, అదీ దీనికి! ఎందుకు అని అడగాలంటే ఆయన దగ్గర జవాబుకి మాటల్లేవు. ఉన్నవి రెండే. బతకాలని లేదా? నేను చేసే చాకిరీ చూడలేకపోతున్నారా? నా మీద విసుగా? ఏమీ తెలియదు. సాయంత్రం అమ్మాయి వచ్చి “నాన్నేమన్నారు?” అంటే “ఏమంటారు, పడుకున్నారు” అన్నాను. రాత్రంతా ఆయన మూతి చూస్తూ కూర్చున్నాను, నవ్వమని మాత్రం అడగలేదు.

సోమవారం పొద్దున పెద్ద డాక్టరు వచ్చేసరికి మా ఆయన మొహం వాడిపోయి ఉంది. ఆయనకీ నిద్ర పట్టలేదని చూస్తేనే తెలుస్తోంది. చెయ్యి దుప్పటి కింద ఉంది.

డాక్టరు గారు కుర్చీ లాక్కుని కూర్చుని అంతా మళ్ళీ మొదటి నుంచి చెప్పారు. మంచీ చెడూ రెండూ చెప్పారు. “ఆపరేషన్ చెయ్యమంటారా?”

“రైట్ రైట్.”

“అమ్మయ్య! సరే అన్నారు నాన్న!” అంది అమ్మాయి.

“మానేద్దామా?”

“రైట్ రైట్.”

డాక్టరు గారు నిట్టూర్చారు. “‘వద్దు’ వచ్చిందని ఆ సంగీతం అమ్మాయి చెప్పింది. ఇవాళ రావడం లేదు. ఇక ఆగే వీలు కూడా లేదు, కింద థియేటరులో వాళ్ళకి ఇప్పుడే చెప్పాలి.” జేబులోంచి పెన్ను తీసి నాకిచ్చారు. “మీరు పెట్టెయ్యండమ్మా.”

నాకు కావాల్సింది నా చేతిలో ఉంది. ఎవరికీ తెలియదు. నిన్న మధ్యాహ్నం వార్డులో మెలకువగా ఉన్నది మేమిద్దరమే. ఒకరికి మాట రాదు, రెండోదాన్ని నేను. పెట్టెయ్యవే, పెట్టెయ్యి, మనిషి దక్కుతాడు అని ఒళ్ళంతా ఒకటే ఘోష. ఆయన నన్ను చూస్తున్నారు. కోపంగా చూస్తే బాగుండేది, తిరగబడి సంతకం పెట్టేసేదాన్ని. కోపం లేదు. బస్సు మెట్టు మీద నిలబడి ఎవరైనా దిగుతారా అని లోపలికి చూసేవారు చూడండి, అలా చూస్తున్నారు.

పెన్ను అమ్మాయి చేతిలో పెట్టాను. ఆయన ఎడం చెయ్యి దుప్పటి కిందనుంచి తీసి ఊచ మీద ఆనించాను. నా అరచేత్తో ఆ ఊచ మీద ఒక్కటి కొట్టాను.

“ఇప్పుడడగండి,” అన్నాను.

“ఆపరేషన్ చెయ్యమంటారా?”

ఆయన గొంతు సవరించుకున్నారు. “వ...ద్దూ.”

“అమ్మా!” అని అరిచింది అమ్మాయి.

డాక్టరు గారు ఊచ మీదున్న నా చెయ్యి చూశారు. తరవాత “మీరు కొట్టారని అన్నారా, ఆయన మాటే అన్నారా? అదీ తేలాలి. మళ్ళీ అలాగే కొట్టండి, ఈసారి తిప్పి అడుగుతాను” అన్నారు.

అప్పుడు నాకు వెలిగింది. ఒక్క దెబ్బకి ఎప్పుడూ వద్దే వస్తే, అది అలవాటు, జవాబు కాదు. లెక్కలోకి రాదు. సంతకం మళ్ళీ నాకే వస్తుంది. కొట్టాను. నిన్నటి నుంచి బిగబట్టిన బలమంతా పెట్టి కొట్టాను.

“ఆపరేషన్ లేకుండా, మందులతో ఇంటికి పంపించెయ్యమంటారా?”

వద్దనండి, అనుకున్నాను. దెబ్బ వినపడింది కదా, అలవాటుగా వద్దనెయ్యండి, మీకు పుణ్యముంటుంది. ఆయన పై పళ్ళు కింది పెదవి మీద ఆనాయి. ‘వ’కి సిద్ధమైంది నోరు. నా ప్రాణం లేచొచ్చింది. అలాగే ఉండిపోయారు కాసేపు, నుదుటి మీద నరం లేచింది. తరవాత పెదవి వదిలేశారు.

“రైట్,” అన్నారు. ఒక్కసారే. మెల్లగా.

డాక్టరు గారు అమ్మాయి చేతిలోంచి పెన్ను తీసుకుని జేబులో పెట్టుకున్నారు. ఆయన భుజం మీద చెయ్యి వేసి “అలాగేనండీ” అన్నారు.

వరండాలోకి వచ్చాక మా అమ్మాయి గోడకానుకుని నిలబడింది. “నువ్వు ఆ ఊచ మీద కొట్టకుండా ఉంటే అయిపోయేది కదమ్మా. నాన్నకేమన్నా అయితే?” అంది. దాని తప్పేం లేదు. ఆ ప్రశ్న నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. ఇప్పటికీ అడుగుతున్నాను. ఈ చెయ్యే కదా కొట్టింది అని చెయ్యి చూసుకుంటాను.

ఇంటికి వచ్చాం. మందులు వేసుకుంటున్నారు, కర్ర పట్టుకుని వీధి చివరి దాకా నడుస్తున్నారు. గిలక్కాయ దగ్గరికి వారం వారం తీసుకెళుతున్నాను. ఒక్కో మాటా ఒక్కో రాగంలో కూర్చి ఇస్తోంది. నీళ్ళు వచ్చింది, తలుపు వచ్చింది, అమ్మాయి పేరు వచ్చింది, ఆ పూట అమ్మాయి నాతో మళ్ళీ మాట్లాడింది. వద్దు మాత్రం విచ్చలవిడిగా వాడుతున్నారు. నడవండి అంటే వద్దూ, మాత్ర అంటే వద్దూ, పక్కింటివాళ్ళు నిచ్చెనకి వస్తే గుమ్మంలోంచే వద్దూ. నా శాఖ నా చేతిలోంచి పోయింది. వంటింట్లో గిన్నె కిందపడితే నేను మిషను మీదనుంచి లేచి పరిగెడతాను, పడింది గిన్నేనా ఆయనా అని. ఈ పరుగు ఇక తప్పదు నాకు.

మొన్న మధ్యాహ్నం ఒక లంగా అంచు విప్పుతూ కూర్చున్నాను. ఆయన ఎదురుగా కుర్చీలో ఉన్నారు. ఎన్నాళ్ళ నుంచో గొంతులో అడ్డం పడ్డది అడిగేశాను.

“ఆ రోజు ఎందుకు వద్దన్నారండీ?”

ఆయనకి ప్రశ్న అందింది. వెతుక్కున్నారు. ఎడం చెయ్యి కుర్చీ చేతి మీద తాళం కోసం తడుముకుంది, ఆగింది, మళ్ళీ తడుముకుంది. నేను లంగా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. సాయం చెయ్యలేదు. ఏ మాట అందించాలో నాకు తెలిస్తే కదా.

“భ...యం,” అన్నారు.

అంతే! నేను ఎన్నెన్ని అనుకున్నాను! బతకాలని లేదేమో, నా మొహం మొత్తిందేమో అని కుళ్ళి కుళ్ళి చచ్చాను. మనిషికి కత్తంటే భయం వేసింది, అంతే. ఆ ముక్క అప్పుడే చెప్పొచ్చు కదా అని నోటి దాకా వచ్చింది. ఎలా చెబుతారు? ఆ మాట ఆయనకి అప్పటికి రాదు. నాకు వచ్చు. పెళ్ళాన్ని, పక్కనే కూర్చుని ఉన్నాను, నేను మాత్రం ఒక్కసారైనా అన్నానా?

“నాకూ భయమేనండీ,” అన్నాను.